సీలింగ్ స్పీకర్లలో బేస్ రావట్లేదా, ముందు ఇది చూడండి

విజయనగరంలో మా హాల్‌కి జిప్సం ఫాల్స్ సీలింగ్ చేయించినప్పుడే రెండు 8 ఓమ్స్ స్పీకర్లు పెట్టించేశాం, దేని వైరు దానికి విడిగా యాంప్ (యాంప్లిఫైయర్) దాకా లాగించాం, తీరా ఆన్ చేస్తే మాటలు బానే ఉన్నాయి గానీ బేస్ అస్సలు లేదు. మా బావమరిది విని "ఏటి బావా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది" అన్నాడు. ఎలక్ట్రీషియనేమో యాంప్ మార్చీమంటాడు, డబ్బులు మనవే కదా మరి.

అసలు సంగతి, ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడ్డాయి. అలాగైతే ఒక స్పీకర్ కోన్ (సౌండ్ కోసం ముందుకీ వెనక్కీ కదిలే పొర) బయటికొచ్చేటప్పుడు రెండోది లోపలికి పోద్ది, దాంతో బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కనుక్కోడానికి మీటర్ అక్కర్లేదు, యాంప్ దగ్గర వైర్లు పీకేసి, పైన గ్రిల్ తీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ని ప్లస్ వైరుకి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తగిలించి తీసెయ్యండి. కోన్ టప్‌మని బయటికొస్తే కరెక్టే. మాది కిటికీ వైపుది లోపలికి పోయింది, యాంప్ వెనకాలే ఆ రెండు వైర్లు అటూ ఇటూ మార్చా, అంతే, బేస్ వచ్చేసింది.

బేస్ వచ్చాక కొత్తగా జుయ్‌మని మోత మొదలైంది, స్పీకర్‌ని సీలింగ్ బోర్డుకి పట్టి ఉంచే బిగింపు చెవులు లూజు. స్క్రూలు చేత్తోనే బిగించండి, డ్రిల్లు పెడితే జిప్సం పగిలిపోద్ది. బోర్డుకి తగులుతున్న వైరు కింద ఫోమ్ ముక్క పెట్టా. మీ ట్వీటర్ (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) తిరిగే రకమైతే సోఫా వైపు వంచండి, డైలాగులు ఇంకా క్లియర్‌గా వస్తాయి.