ఎల్‌ఎన్‌జీ ఓడ నింపేటప్పుడు ఫ్లేర్ మంట తగ్గించాలంటే

ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు) ఓడ జెట్టీకి కట్టాక ఫ్లేర్ (పట్టుకోలేని గ్యాస్‌ను కాల్చేసే మంట) ఎగసిపడుతోందంటే తప్పు చాలావరకు అంతకుముందే జరిగిపోయి ఉంటుంది. ఓడ ట్యాంకులు వేడిగా వచ్చాయా, నింపే ద్రవం వేడిగా ఉందా, తిరిగొచ్చే ఆవిరిని ఒడ్డు కంప్రెసర్లు తీసుకోలేకపోతున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. గంటకు 12,000 ఘనపు మీటర్ల చొప్పున నింపుతుంటే దాదాపు అంతే ఘనపరిమాణం ఆవిరి బయటికి వస్తుంది. బరువులో అది గంటకు 20 టన్నుల చిల్లర. దీన్ని ఎవరూ ఆపలేరు. అసలు దెబ్బ ఫ్లాష్ దగ్గర, అంటే ద్రవం ఒక్కసారిగా ఆవిరవడం దగ్గర ఉంది. ఓడ ట్యాంకు ప్రెషర్ దగ్గర మరిగే ఉష్ణోగ్రత కన్నా వచ్చే ద్రవం ఒక్క డిగ్రీ వేడిగా ఉన్నా అందులో సుమారు 0.7 శాతం ఆవిరైపోతుంది. గంటకు 5,400 టన్నులు పోస్తున్నప్పుడు అది గంటకు సుమారు 38 టన్నులు.

ఆ ఒక్క డిగ్రీ విలువ ప్రెషర్‌లో సుమారు 8 కిలోపాస్కల్. అందుకే ఓడ ట్యాంకు ప్రెషర్‌ను (బయటి గాలి పీడనం కన్నా ఎంత ఎక్కువో చెప్పే లెక్కలో) 6 కిలోపాస్కల్ దగ్గర కాకుండా 14 దగ్గర నిలపగలిగితే ఫ్లాష్ చాలావరకు అణిగిపోతుంది. మామూలు మెంబ్రేన్ ఓడల్లో (ట్యాంకు లోపల పల్చటి లోహపు పొర ఉండేవి) సేఫ్టీ వాల్వు 25 దగ్గర తెరుచుకుంటుంది కాబట్టి దానికీ మనకూ మధ్య తగినంత ఖాళీ ఉంచి, ఎంత దగ్గర నిలపాలో లోడింగ్‌కు ముందు జరిగే మీటింగులోనే ఓడవాళ్లతో రాయించుకోండి. సరుకు దించే టెర్మినల్ ఎంత ప్రెషర్ వరకు ఒప్పుకుంటుందో కూడా అప్పుడే అడగాలి. చాలామంది ఈ ప్రశ్న మర్చిపోతారు.

ఒడ్డు వైపు చేయాల్సింది రెండు రోజుల ముందే మొదలవుతుంది. స్టోరేజి ట్యాంకు ప్రెషర్‌ను మెల్లగా దించుతూ రండి. ద్రవం చల్లబడుతుంది, పైగా లోడింగ్‌లో ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఓడ నుంచి వచ్చే ఆవిరికి అందులోనే చోటు దొరుకుతుంది. జెట్టీ లైను చల్లగా ఉంచడానికి తిప్పే ద్రవాన్ని అవసరానికి మించి తిప్పొద్దు. పంపు వేడంతా చివరికి ఆ ద్రవంలోకే చేరుతుంది.

ఓడ చల్లగా రావాలంటే హీల్ కావాలి, అంటే దించిన సరుకులో కొంత ట్యాంకుల్లో మిగిల్చి తేవడం. మెంబ్రేన్ ట్యాంకులో అది సాధారణంగా ట్యాంకు ఎత్తులో 10 శాతం దాటకూడదు, దాటితే ద్రవం ఊగి గోడలను కొడుతుంది. ఇంకో చిక్కు: దారి పొడవునా మీథేన్ ముందు ఆవిరైపోయి ఈథేన్, ప్రొపేన్ మిగులుతాయి. అలాంటి హీల్‌ను స్ప్రే చేసినా ట్యాంకు పైభాగం చల్లబడదు. అడుగు సెన్సరు మైనస్ 155 డిగ్రీలు చూపిస్తుంటే పై సెన్సరు మైనస్ 90 దగ్గరే ఆగి ఉంటుంది. అందుకే ఓడ బయల్దేరినప్పటి నుంచే అన్ని ఎత్తుల రీడింగులూ తెప్పించుకోండి. మెంబ్రేన్ ఓడకు సగటున మైనస్ 130 చాలు.

డ్రైడాక్ (ఓడలు మరమ్మతు చేసే చోటు) నుంచి వచ్చిన ఓడది వేరే కథ. ట్యాంకుల నిండా ఉండే ఇనర్ట్ గ్యాస్‌లో (మంట అంటుకోని వాయువు) 14 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మైనస్ 100 దగ్గర అది మంచులా గట్టిపడి స్ట్రెయినర్లను (వడపోత జల్లెడలను) మూసేస్తుంది. అందువల్ల తొలి గంటల్లో ఓడ నుంచి వచ్చే గ్యాస్‌ను కంప్రెసర్లలోకి తీసుకోలేం, ఫ్లేర్‌కు పంపాల్సిందే. చేయగలిగిందల్లా ఆ గంటలు తగ్గించడమే. మీథేన్ ఆవిరిని 20 డిగ్రీల దాకా వేడిచేసి పైనుంచి నెమ్మదిగా వదలండి, బరువైన ఇనర్ట్ గ్యాస్‌ను అడుగు నుంచి లాగండి. తొందరపడి జోరు పెంచితే రెండూ కలిసిపోయి, కాల్చాల్సింది రెట్టింపవుతుంది. అరగంటకోసారి ప్రతి ట్యాంకులో పైన, మధ్యన, కింద కొలవండి. ముందుకు పోతున్న ట్యాంకు వాల్వు కాస్త బిగిస్తే అన్నీ ఒకేసారి పూర్తవుతాయి. బయటికొచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ మీ టెర్మినల్ హద్దులోకి (తరచుగా 1 శాతం) దిగగానే ఫ్లేర్ నుంచి కంప్రెసర్‌కు మార్చండి. శాంపిల్ తీసేవాడు లేక గంటలకొద్దీ మంచి గ్యాస్ కాల్చేయడం ఈ పనిలో మామూలుగా జరిగే తప్పు. వీలైతే డ్రైడాక్ దాటకముందే నైట్రోజన్‌తో నింపి రమ్మని అడగండి. గడ్డకట్టే బెడద ఉండదు, గ్యాస్ కేలరీ విలువ మాత్రం కొంత తగ్గుతుంది.

ఆ తర్వాత చల్లబరిచే స్ప్రే. దాని జోరును టైమ్‌టేబుల్ చూసి కాకుండా కంప్రెసర్ తీసుకోగలిగినంత చూసి పెట్టాలి. పది గంటల పని పద్నాలుగు గంటలకు సాగితే బెర్తు (ఓడ ఆగే చోటు) చూసుకునేవాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

కంప్రెసర్ల సామర్థ్యమే చాలకపోతే పరికరాలే మారాలి. ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ఆరు ఎల్‌ఎన్‌జీ బెర్తుల ఆవిరిని ఒకేచోటికి తెచ్చి కంప్రెస్ చేసే ఏర్పాటు కట్టింది అందుకే. అంత ఖర్చు పెట్టలేని చోట లోడింగ్ రేటును మెట్లుగా పెంచుతూ, ఫ్లేర్ వాల్వు తెరుచుకునే ముందు మెట్టు దగ్గర ఆగాలి.

ఓడ మీదున్న గ్యాస్ దహన యూనిట్‌లో కాల్చినా అది ఫ్లేరే. ఆ టన్నులు ఓడ లాగ్‌లో పడతాయి, టెర్మినల్ లెక్కలో కనిపించవు. ఆ అంకె కూడా అడిగి మీ లెక్కలో కలపండి.