హార్ప్‌సికార్డ్ శ్రుతి, 4వ పాఠం: పాత మీన్‌టోన్‌లో కొత్త సంగీతం

గత పాఠంలో హార్ప్‌సికార్డ్ (మీటలు నొక్కితే తీగలను మీటే, పియానోలాంటి పాత వాద్యం) మీద విస్పందనాలు, అంటే రెండు స్వరాలు సరిగ్గా కలవనప్పుడు వినిపించే అలలు, వినడం సాధన చేశాం. ఈసారి వాటినే కొలతగా పెట్టుకుని క్వార్టర్ కామా మీన్‌టోన్ శ్రుతి, అంటే గాంధారాలు శుద్ధంగా పలికేలా పంచమాలను కాస్త తగ్గించే పాత పద్ధతి, కడదాం. సి–ఇ అంతరం పూర్తి శుద్ధంగా పలకాలని 1523లోనే ఇటలీలో సంగీత సిద్ధాంతకర్త పియెట్రో ఆరోన్ రాశాడు. 1978లో స్వరకర్త గ్యోర్గి లిగెటి తన ‘పాసకాల్యా ఉంగెరేజె’ను మీన్‌టోన్ హార్ప్‌సికార్డ్ కోసమే రాశాడు. ఆ రచనలో మొదటినుంచి చివరిదాకా తిరిగే ఆధార వరుస అంతా శుద్ధమైన గాంధార, షష్ఠ అంతరాలే. మామూలు పియానో శ్రుతిలో వాయిస్తే స్వరాలు అవే పలుకుతాయి కానీ ఆ నిశ్చలత పోతుంది.

ఆ నిశ్చలత ఎలా ఉంటుందో మీ చెవికి ఇప్పటికే తెలిసి ఉండవచ్చు. బాగా శ్రుతి కలిసిన తంబురాలో మంద్ర షడ్జం తీగ మీటితే దానంతట అదే ఓ గాంధారం వినిపిస్తుంది. 5:4 నిష్పత్తిలో ఉండే ఆ అంతర గాంధారమే మనకు కావాలి. పియానో గాంధారం దానికంటే దాదాపు 14 సెంట్లు (పియానోలో పక్కపక్క మీటల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) ఎక్కువ.

ఒక్క 8 అడుగుల తీగల వరుసనే (రాసిన స్థాయిలోనే పలికే వరుస) తెరిచి ఉంచండి. మధ్య సి కింద ఉన్న ఎ స్వరాన్ని 207.5 హెర్ట్జ్‌కు, అంటే 415 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుకు ఒక స్థాయి కింద కలపండి. దాని కింది ఎఫ్‌ను, ఎఫ్–ఎ మధ్య అల పూర్తిగా ఆగేదాకా సరిచేయండి. అల ఆగితే ఎఫ్ 166 దగ్గర ఉన్నట్టే. పియానో శ్రుతిలో ఇదే జంట సెకనుకు ఆరుసార్లకు పైగా కొట్టుకుంటుంది.

అసలు పని ఇక్కడినుంచి. ఎఫ్ నుంచి పైకి మధ్య సి, దాన్నుంచి కిందికి జి, జి నుంచి పైకి డి. ప్రతిదాన్నీ ముందు శుద్ధంగా కలిపి, తర్వాత కాస్త కిందికి దించాలి. మూడూ కిందికే. ఎంత దించాలో మెట్రొనోమ్ (నిమిషానికి ఇన్ని టిక్కులని పెట్టుకునే లయ యంత్రం) చెబుతుంది: ఎఫ్–సి 92, జి–సి 138, జి–డి 104. ఒక్కో టిక్కుకు ఒక్కో అల రావాలి. చివరికి ఎ–డి కలిపి మోగించి చూడండి, నిమిషానికి 155 అలల దగ్గర రావాలి. అంతకంటే వేగంగా కొట్టుకుంటే మీరు దించింది చాలలేదు. నెమ్మదిగా ఉంటే ఎక్కువ దించారు. అలాంటప్పుడు డి ఒక్కదాన్నే సర్ది సరిపెట్టకండి. తప్పు సాధారణంగా మూడింటిలోనూ కొంచెం కొంచెంగా పంచుకుని ఉంటుంది, అందుకే ఎఫ్–సి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

మిగతా ఏడూ శుద్ధ గాంధారాలతో వస్తాయి, ఇక లెక్కపెట్టే పని లేదు. సి నుంచి ఇ, జి నుంచి బి, డి నుంచి ఎఫ్ షార్ప్, ఎ నుంచి సి షార్ప్, ఇ నుంచి జి షార్ప్. కిందివైపు డి నుంచి బి ఫ్లాట్, జి నుంచి ఇ ఫ్లాట్. తర్వాత స్థాయిలు కలుపుకుంటూ పోండి.

ఎక్కువమంది తడబడేది చేతి దగ్గర. ట్యూనింగ్ కీ మీద చెయ్యి బరువు ఉన్నంతసేపు పిన్ సన్నగా వంగి ఉంటుంది. శ్రుతి కలిసిందనిపించి చెయ్యి తీయగానే స్వరం జారుతుంది. అందుకే చెయ్యి పూర్తిగా తీసి, మీటను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి, అప్పుడు వినండి. ఫోన్ యాప్‌తో పని త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ కచేరీ మధ్యలో ఒక్క తీగ జారితే కాపాడేది చెవే, కాబట్టి మొదటి పది సార్లయినా యాప్ వద్దు.

ఇప్పుడు మధ్య సి కింది జి షార్ప్, దాని పైన ఇ ఫ్లాట్ కలిపి నొక్కండి. సెకనుకు 12 అలలతో అరుస్తుంది. దీన్నే ‘తోడేలు’ అంటారు. పదకొండు పంచమాల్లో మనం తగ్గించినదంతా ఇక్కడ పోగుపడి, ఇది 738 సెంట్ల దాకా సాగింది. మీరు ఎక్కడా తప్పు చేయలేదు, దాన్ని సరిచేయబోకండి.

కొత్త రచన ఏదైనా ఈ శ్రుతిలో వాయించే ముందు స్వరపత్రం పట్టుకుని ఎ ఫ్లాట్, డి షార్ప్ ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. మన దగ్గరున్నది జి షార్ప్. ఎ ఫ్లాట్ దానికంటే 41 సెంట్లు పైన ఉండాలి. రచనలో ఎ ఫ్లాట్ మాత్రమే ఉంటే, సి నుంచి కిందికి శుద్ధ గాంధారం కలిపి ఆ మీటను మార్చుకోండి. జి షార్ప్, ఎ ఫ్లాట్ రెండూ ఉంటే, స్వరకర్త ఆ గరుకును కోరే రాశారా అన్నది చూసుకోవాలి.

వచ్చే పాఠం దాకా సాధన: రోజుకోసారి ఎఫ్ నుంచి డి దాకా ఆ మూడు స్వరాలనూ చెడగొట్టి మళ్లీ కలపండి. మెట్రొనోమ్ ఆపేసి ఎ–డి 155కి దగ్గరగా వచ్చిన రోజు మిగతా ఏడింటికి వెళ్లండి.