గ్రో లైట్ దించాలా, పెంచాలా? మొక్కను చూసి తెలుసుకోండి

విశాఖలో ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల కింది అంతస్తుల ఫ్లాట్లలో చాలావాటికి బాల్కనీలో కూడా ఎండ సరిగ్గా పడదు. అలాంటి ఇళ్ళకు ఎల్‌ఈడీ గ్రో లైట్, అంటే ఎండకు బదులు మొక్కల మీద వేలాడదీసే లైటు, నిజంగా మేలు చేస్తుంది. కాకపోతే మొక్క కాస్త తేడాగా కనిపించగానే ఎరువు వేసేస్తాం. ముందు చూడాల్సింది లైటు ఎత్తు. అది కూడా కొత్త చిగురును బట్టి చూడాలి, పాడైన పాత ఆకులు ఎలాగూ కోలుకోవు.

సమస్య: మొక్క సన్నగా సాగిపోతోంది

నారు కాడలు పాలిపోయి వాలిపోతాయి. తులసిలో అయితే కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగి, కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి. వెలుతురు చాలడం లేదన్నమాట.

లైటు దించండి, కానీ ఒక్కసారిగా కాదు. చిన్న బల్బును సగం దూరానికి తెస్తే వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది. రెండు అంగుళాలు దించి, వారం ఆగి చూడండి. ట్యూబు, ప్యానెల్ లైట్లలో తేడా ఇంత ఎక్కువగా ఉండదు. నారుకు ట్యూబు లైటయితే జానెడు ఎత్తు నుంచి మొదలుపెట్టవచ్చు.

ఫోన్‌లో వెలుతురును కొలిచే లక్స్ మీటర్ యాప్ ఉంటే ఆకు ఎత్తులో పెట్టి చూడండి. తెల్లటి ఎల్‌ఈడీ కింద ఆకుకూరలకు 12,000 నుంచి 15,000 లక్స్, రోజుకు 12 నుంచి 14 గంటలు బాగా సరిపోతుంది. మనీ ప్లాంట్‌కు 3,000 నుంచి 5,000 చాలు. ఫోన్ కొలత ఉజ్జాయింపే. ఊదా రంగు లైట్లకైతే ఈ కొలత అస్సలు పనికిరాదు, అక్కడ చిగురే కొలత.

సాగిపోయిన టమాటా నారును మొదటి రెండాకుల దాకా మట్టిలో పూడ్చి నాటితే కాడకు వేళ్ళొస్తాయి. కొత్తిమీరకు ఆ వీలు లేదు, మళ్ళీ గింజలు చల్లుకోవడమే.

పోర్టుకు దగ్గర్లో ఉండేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. అక్కడి నల్లటి దుమ్ము లైటు మీదా ఆకుల మీదా పేరుకుని వెలుతురును తగ్గించేస్తుంది. లైటు ఆపి, ప్లగ్ తీసి, చల్లారాక పొడిగుడ్డతో తుడవండి. ఎత్తు మార్చడం ఆ తర్వాతే.

సమస్య: పై ఆకులు తెల్లబడుతున్నాయి, ముడుచుకుంటున్నాయి

లైటుకు దగ్గరగా ఉన్న ఆకులే పాలిపోయి, అంచులు దొన్నెలా పైకి లేస్తే వెలుతురు ఎక్కువైనట్టు. ఇక్కడే చాలామంది పొరబడతారు. నత్రజని లోపమైతే పసుపు కింది పాత ఆకుల్లో మొదలవుతుంది. ఇనుము లోపమైతే కొత్త ఆకు పసుపెక్కినా ఈనెలు పచ్చగానే ఉంటాయి. లైటు దెబ్బకు ఈనెలతో సహా వెలిసిపోతుంది.

లైటుకు వెలుతురు తగ్గించే డిమ్మర్ ఉంటే పాతిక శాతం తగ్గించండి, లేకపోతే నాలుగైదు అంగుళాలు పైకి కట్టండి. రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. వెలుతురు తగ్గాక మొక్క నీళ్ళు కూడా తక్కువే తాగుతుంది. మన ఊరి ఉక్కపోతలో మట్టి అసలే త్వరగా ఆరదు కాబట్టి, వేలు పెట్టి చూశాకే నీళ్ళు పోయండి.

మే నెలలో తలుపులు మూసిన గదిలో వేడి కూడా తోడవుతుంది. ఆకు ఎత్తులో అరచేతి వెనుక వైపు అర నిమిషం పెట్టండి. చురుక్కుమంటే లైటు పైకి జరిపి, ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి. చెయ్యి చల్లగా ఉన్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఎల్‌ఈడీ వేడి లేకుండానే ఆకును వెలిసిపోయేలా చేయగలదు.

సమస్య: కొత్తిమీర ఆకు రాకముందే పూతకొస్తోంది

ఎత్తుతో సంబంధం లేదు. లైటు గంటలు ఎక్కువయ్యాయి, వేడి కూడా కలిసింది. 12 గంటలకు కుదించండి. మెకానికల్ టైమర్ వాడుతుంటే కరెంటు పోయిన ప్రతిసారీ అది ఆగి వెనకబడుతుంది. వేసవి కోతల్లో రోజూ సరిచేసుకోవాలి, లేదా బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ పెట్టుకోవాలి.