బరంపురం నుంచి దుబాయికి: విమాన దూరాన్ని, ప్రయాణ కాలాన్ని లెక్కకట్టే విధానం

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు ఇళ్లలో ఎవరైనా దుబాయికి బయలుదేరుతున్నారంటే పెద్దలు మొదట అడిగేది దూరమెంత, ఎన్ని గంటలు పడుతుందనే. టికెట్టు మీది రెండు వేళలలో ఒకదానిలోంచి మరొకటి తీసివేసి చెప్పే జవాబు తప్పవుతుంది. కాగితం, కలం ఉంటే సరైన లెక్క మనమే వేసుకోవచ్చు.

ముందుగా విమానం ఎక్కే ఊరికీ దిగే ఊరికీ అక్షాంశ, రేఖాంశాలు చూసుకోవాలి. దుబాయి విమానం హైదరాబాదులో ఎక్కుతామనుకుందాం. అక్కడి విమానాశ్రయం 17.2 ఉత్తరం, 78.4 తూర్పు, దుబాయిది 25.2, 55.4. అక్షాంశాల తేడా 8 డిగ్రీలు. ఒక్కో డిగ్రీ 111 కిలోమీటర్లు కనుక 888 కిలోమీటర్లు వస్తుంది. రేఖాంశాల మధ్య దూరం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఈ రెండు ఊళ్ల నడిమి అక్షాంశమైన 21 దగ్గర డిగ్రీకి సుమారు 104 కిలోమీటర్లే కాబట్టి, 23 డిగ్రీలకు 2,392. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. అమెరికా వంటి దూరాలకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలవడమే మేలు. ఆ దారం ఉత్తర ధ్రువం వైపుగా ఎందుకు వెళుతుందో పిల్లలకు చూపించడానికి అంతకన్న మంచి సాధనం లేదు.

జెట్ విమానం గంటకు సుమారు 850 కిలోమీటర్లు పోతుందనుకుంటే ఆకాశంలో 3 గంటలు, పైకి లేవడానికీ దిగడానికీ మరో 40 నిమిషాలు. ఎత్తులో పడమటి నుంచి వీచే గాలులు వెళ్లేటప్పుడు ఎదురవుతాయి గనుక 4 గంటలనుకోవాలి. తిరుగు ప్రయాణంలో అవే వెనకనుంచి తోడ్పడతాయి.

గడియారం విషయంలో చాలా జాగ్రత్త అవసరం. దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక. ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం 4 గంటలు ప్రయాణించినా అక్కడి గడియారంలో 12:30కే దిగుతుంది. టికెట్టులో ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే ఉంటాయి. తేదీ కూడా చూడాలి. మా బంధువుల అబ్బాయి 14వ తేదీ 00:40 విమానానికి అదే రోజు సాయంత్రం ఇంటినుంచి బయలుదేరాడు. అప్పటికే విమానం వెళ్లిపోయి పద్దెనిమిది గంటలైంది. 00:40 అంటే 13వ తేదీ రాత్రి భోజనం ముగించేసరికి విమానాశ్రయంలో ఉండాలని అర్థం.

ఇక ఇంటి గడప నుంచి లెక్క. బరంపురం నుంచి విశాఖకు రైలులో నాలుగైదు గంటలు, విమానాశ్రయంలో 2 గంటలు, హైదరాబాదుకు గంటంబావు, అక్కడ 4 గంటల ఆగుదల, దుబాయికి 4 గంటలు, దిగాక తనిఖీలకు, సామానుకు గంట. మొత్తం సుమారు 17 గంటలు. రెండు విమానాలకూ ఒకే టికెట్టు కాక విడివిడిగా కొన్నవారు హైదరాబాదులో సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి కాబట్టి, ఆ 4 గంటలను ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించుకోకూడదు.