చిన్న వ్యాపారం, మొదటి అలవాట్లు – 2వ పాఠం: రాత్రి గల్లా లెక్క

పోయిన పాఠంలో ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు విడదీయమన్నాను. అది ఇంకా చెయ్యకపోతే ముందు ఆ పని పూర్తి చేసి రండి, ఎందుకంటే రెండూ కలిసిపోయిన గల్లాని ఎన్నిసార్లు లెక్కపెట్టినా మీకేమీ తెలియదు.

ఈ వారం అలవాటు ఒక్కటే. డబ్బు వచ్చినా పోయినా అప్పటికప్పుడే రాయాలి, రాత్రి మూసేముందు గల్లా ఎంచి ఆ రాతతో సరిచూసుకోవాలి.

జరిగింది జరిగినట్టు వరసగా రాసేదాన్ని చిట్టా అంటారు, అందులోంచి ఎవరి పద్దు వాళ్ల పేరున విడదీసి ఎక్కించేది ఆవర్జా. 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో ఇటలీ గణిత పండితుడు లూకా పాచోలి అక్కడి వర్తకుల లెక్కల పద్ధతిని వివరించాడు, అందులోనూ మొదట వచ్చేది చిట్టాలాంటి పుస్తకమే. మీరు నోటుబుక్కులో రాస్తారో ఫోన్‌లో రాస్తారో మీ ఇష్టం, కానీ ‘తర్వాత రాద్దాంలే’ అని మాత్రం అనుకోవద్దు.

నేను మొదటి ఏడాది అలాగే రాత్రిపూట గుర్తు తెచ్చుకుని రాసేదాన్ని. ఒకసారి పాత కస్టమర్‌ని బాకీ అడిగితే, “పోయిన వారమే ఇచ్చేశాను కదమ్మా” అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, నేనే రాయడం మర్చిపోయి ఉండొచ్చు, చూపించడానికి నా దగ్గర రాత లేదు. ఆ డబ్బు వదిలేశాను. అయినా అడిగినందుకు ఆయన మనసు నొచ్చుకుంది, తర్వాత రావడం మానేశారు. డబ్బు కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఇప్పుడు ఒక రోజు లెక్క చూద్దాం. పొద్దున గల్లాలో 2,000 ఉంది. ఆ రోజు అమ్మకం 7,500, అందులో అరువు 1,800, ఫోన్ ద్వారా ఖాతాలో పడింది 2,200, చేతికొచ్చిన రొక్కం 3,500. సరుక్కి గల్లాలోంచి ఇచ్చింది 3,200, మీ సొంతానికి తీసుకున్నది 500 (ఇది వ్యాపారం ఖర్చు కాదు, ‘సొంత వాడకం’ అని వేరే రాయండి). అంటే గల్లాలో 1,800 మిగలాలి. అమ్మకం 7,500 అని సంతోషపడిన రోజున కూడా చేతిలో ఉండేది ఇంతే, అందుకే అమ్మకం చూసుకుని ఖర్చు పెట్టకండి.

ముందు గల్లా ఎంచండి, ఆ తర్వాతే పుస్తకంలో కూడండి. రావాల్సిన అంకె ముందే తెలిస్తే ఎంచేటప్పుడు మనసు దానివైపే లాగుతుంది.

ఎంచితే 1,710 వచ్చిందనుకోండి, 90 తక్కువ. టెన్షన్ పడకండి. తేడాని 9తో భాగిస్తే శేషం రాలేదంటే రెండు పక్క అంకెలు తారుమారుగా రాశారేమో వెతకండి: 450ని 540 అని రాస్తే సరిగ్గా 90 తేడా వస్తుంది. అక్కడ దొరక్కపోతే తేడాలో సగం, అంటే 45 ఎక్కడుందో చూడండి, పోయిన డబ్బుని వచ్చిన వైపు రాసేసినా ఇదే తేడా వస్తుంది. అప్పటికీ దొరక్కపోతే ‘తేడా 90’ అని ఆ పేజీలోనే రాసి, మర్నాడు ఉన్న 1,710తోనే మొదలుపెట్టండి. జేబులోంచి 90 తీసి గల్లాలో వేసి సరిచెయ్యడం మాత్రం వద్దు, దయచేసి వద్దు. అలా కప్పేస్తే రోజూ డబ్బు తగ్గుతోందన్న సంగతి మీకెప్పటికీ బయటపడదు.

అభ్యాసం: వరసగా 7 రాత్రులు, అమ్మకం లేని రోజు కూడా. ఆ రోజు ‘అమ్మకం లేదు’ అని రాసి నిల్వ (గల్లాలో మిగిలింది) వెయ్యండి. అరువు పద్దులు కనిపించేలా గీత గీసి ఉంచండి, 3వ పాఠంలో వాటిని ఆవర్జాకి ఎక్కించి, ఎవరిని ఎప్పుడు ఎలా అడగాలో చూద్దాం.