కిల్న్‌లో గాజు, 4వ పాఠం: పట్టీలతో రంగు పేర్చడం

గడచిన పాఠాల్లో గాజును గీసి విరవడం, అంచులు సానపట్టడం, కిల్న్ (గాజును కాల్చే కొలిమి) అరకు పూత వేయడం నేర్చుకున్నాం. ఈసారి గాజు కళాకారుడు క్లాస్ మోయె పద్ధతిలో ఒక చిన్న పలక చేద్దాం.

1936లో హాంబర్గ్‌లో పుట్టిన మోయె గాజు కోత, సాన పనులను కుటుంబ కార్ఖానాలోనే నేర్చుకుని, 1982లో కాన్‌బెర్రా చేరి అక్కడి కళాశాలలో గాజు విభాగాన్ని నెలకొల్పారు. రంగు పలకలను పట్టీలుగా కోసి, పక్కపక్కన పేర్చి, కిల్న్‌లో అతికించి, వచ్చిన పలకను మళ్లీ కోసి, వరుస మార్చి మళ్లీ కాల్చేవారు. చివర్లో పైభాగాన్ని సానపట్టి మెరుపు తీసేసేవారు. ఆయన రంగులకు అంత లోతు ఆ మసకదనం వల్లే వచ్చిందని నా అభిప్రాయం.

ఇదంతా సాగాలంటే రంగుల మధ్య పొత్తు కుదరాలి, అంటే అన్ని గాజులూ చల్లారేటప్పుడు ఒకే మేరకు కుంచించుకోవాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన బుల్స్ఐ సంస్థ అలాంటి గాజును తయారుచేయడంతో మోయె చేతికి పెద్ద రంగుల పెట్టె దొరికినట్లయింది. ఈ సంగతి పట్టించుకోక నేనొకసారి కిటికీ గాజు ముక్కను రంగు గాజుతో కలిపి కాల్చాను. కిల్న్‌లోంచి చక్కగానే వచ్చిన ఆ పలక మూడో రోజు రాత్రి బల్ల మీద ఉండగానే టక్కుమని రెండయింది.

పొత్తు ఉన్న గాజుల్లోనూ రసాయనిక తగవులుంటాయి. పసుపు, నారింజ గాజుల్లో చాలావాటిలో గంధకం ఉంటుంది, టర్కాయిస్ నీలంలో రాగి ఉంటుంది. ఆ రెండూ ఆనుకున్న చోట ముదురు గోధుమ గీత పడవచ్చు. కొందరు దాన్ని కావాలనే తెప్పిస్తారు, మనం మాత్రం ఇప్పుడు ఆ జంటను పక్కన పెడదాం.

3 మి.మీ. మందం, 10 సెం.మీ. పొడవు, 4.8 సెం.మీ. వెడల్పు గల ముక్కలను నాలుగు రంగుల్లో తీసుకోండి. విరుపు చిన్న వైపుకు ఒరుగుతుంది కాబట్టి అంచు నుంచి సన్నపట్టీ తీయబోకుండా, ప్రతి ముక్కనూ సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి విరిస్తే 6 మి.మీ. పట్టీలు ఎనిమిది వస్తాయి. మొత్తం 32 పట్టీలనూ కోసిన అంచు పైకి వచ్చేలా నిలబెట్టి, చుట్టూ ఫైబర్ పేపర్ (వేడికి తట్టుకునే కాగితం) చుట్టిన అడ్డుకట్టలు బిగించండి. పూర్తిగా కరిగిన గాజు దాదాపు 6 మి.మీ. మందం దగ్గరే నిలవాలని చూస్తుంది; మన పట్టీల ఎత్తు కూడా అంతే కనుక గీతలు పెద్దగా చెదరవు.

బుల్స్ఐ గాజయితే సుమారు 805 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు, తర్వాత 482 దగ్గర గంటసేపు ఉంచి, అక్కడి నుంచి 370 వరకు గంటకు 80 డిగ్రీలకు మించకుండా దించండి. గది వేడికి వచ్చేదాకా మూత తెరవకండి.

రెండు పోలరైజింగ్ ఫిల్ములను (వెలుగును ఒకే దిశలో పోనిచ్చే పొరలను) వెలుగు దాటకుండా ఒకదానికొకటి లంబంగా తిప్పి, చల్లారిన పలకను వాటి మధ్య ఉంచి, వెనుక దీపం పెట్టి చూడండి. అతుకుల వెంట తెల్లటి వెలుగు కనిపిస్తే గాజులో ఒత్తిడి మిగిలిందన్నమాట. అలాంటి పలకకు కత్తి పెట్టకండి. చీకటిగా కనిపించిన పలకను భద్రపరచండి, ఐదో పాఠంలో దాన్ని అడ్డంగా కోయబోతున్నాం.