‘డాక్టర్ హూ’లో ప్రధాన రచయిత మార్పును పోల్చుకోవడం ఎలా?

బీబీసీ 1963 నవంబరు 23న మొదలుపెట్టిన టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’లో కథానాయకుడు, అంటే కాలంలో ప్రయాణించే ‘డాక్టర్’ అనే పరగ్రహవాసి, చావు దగ్గరపడినప్పుడల్లా కొత్త శరీరం ధరిస్తాడు కనుక, నటుడు మారడం ప్రేక్షకుల కళ్లెదుటే జరుగుతుంది. కథల దిశను నిర్ణయించే ప్రధాన రచయిత మారడం మాత్రం తెర వెనుక జరిగే వ్యవహారం. అందువల్లనే రచయిత తెచ్చిన మార్పును నటుడికి అంటగట్టడం, నటుడి వల్ల వచ్చిన వన్నెను రచయిత ఖాతాలో వేయడం ఈ ధారావాహికను గురించిన చర్చల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చూడదలచిన వారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఎవరి హయాం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. 1989లో ఆగిపోయిన ధారావాహికను 2005 మార్చి 26న తిరిగి తెరకెక్కించిన రసెల్ టి. డేవిస్ 2010 జనవరి 1 వరకు కొనసాగారు. ఆయన తరువాత స్టీవెన్ మోఫట్ 2017 క్రిస్మస్ వరకు, క్రిస్ చిబ్నల్ 2018 అక్టోబరు నుంచి 2022 అక్టోబరు వరకు పగ్గాలు పట్టారు. 2023 నవంబరులో డేవిస్ తిరిగి వచ్చారు. 1989కి ముందు నిర్మాతకూ, స్క్రిప్టులను సరిదిద్దే స్క్రిప్ట్ ఎడిటర్‌కూ మధ్య అధికారం పంచుకొని ఉండేది కాబట్టి, ఆ కాలానికి ‘ప్రధాన రచయిత’ అన్న మాటను యథాతథంగా వాడకూడదు.

ఇప్పుడు ఆ పేర్ల పక్కనే నటుల పేర్లు రాయండి. డేవిస్ తొలి హయాంలో క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్, డేవిడ్ టెనెంట్. మోఫట్ హయాంలో మాట్ స్మిత్, పీటర్ కపాల్డి. చిబ్నల్ హయాంలో జోడీ విటకర్. రెండు వరుసలూ పక్కపక్కన పడగానే అసలు ఆధారం దొరుకుతుంది. 2010లోనూ 2018లోనూ రచయిత, నటుడు ఒకేసారి మారారు. కనుక ఆ రెండు సందర్భాలను మాత్రమే చూసి ఏ మార్పు ఎవరిదో తేల్చలేము. 2005లోనూ 2013 చివరిలోనూ నటుడు మారాడు, రచయిత మారలేదు. పరిశీలన అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

స్మిత్ నుంచి కపాల్డికి మారినప్పుడు డాక్టర్ స్వభావం పూర్తిగా తిరగబడింది. కుర్రతనపు గందరగోళం పోయి, ఎదుటివారిని మాటలతో గాయపరచే కరకుదనం వచ్చింది. అయితే సీజన్ పొడవునా ఒక చిక్కుముడిని లాక్కురావడమనే అలవాటు చెక్కుచెదరలేదు: 2010లో గోడలో పగులు, 2011లో సరస్సు ఒడ్డున డాక్టర్ మరణం, ఆ తరువాత డాక్టర్ సహచరి క్లారా ఎవరన్న ప్రశ్న, 2014లో మిస్సీ అనే స్త్రీ ఎవరన్న ప్రశ్న. నటుడు మారినా నిలిచిన ఈ కట్టడమే మోఫట్ ముద్ర అని ధైర్యంగా చెప్పవచ్చు.

తిరగేసిన ఉదాహరణ కావాలంటే 1980కి వెళ్లాలి. ఆ ఏడు టామ్ బేకర్ డాక్టర్‌గా కొనసాగుతుండగానే స్క్రిప్ట్ ఎడిటర్ డగ్లస్ ఆడమ్స్ వెళ్లిపోయి క్రిస్టఫర్ హెచ్. బిడ్‌మీడ్ వచ్చారు. అదే నటుడి నోట హాస్యం పలచబడి, విశ్వం క్షయమైపోతుందన్న భౌతికశాస్త్ర చింతన కథల్లోకి ఎక్కింది. కానీ అదే సమయంలో నిర్మాతగా జాన్ నేథన్-టర్నర్ కూడా కొత్తగా వచ్చారు కాబట్టి, ఈ మార్పునంతా బిడ్‌మీడ్ ఒక్కరికే రాసిపెట్టడం న్యాయం కాదు.

రెండో పని, కొత్తగా వచ్చిన రచయిత పాతవారి కింద ఏం రాశారో వెతకడం. మోఫట్ విషయంలో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. ఎందుకంటే ఇతర రచయితల స్క్రిప్టులను తాను బాగా తిరగరాసేవాడినని బాహాటంగా చెప్పిన డేవిస్, మోఫట్ రాసినవాటిని మాత్రం ముట్టుకోలేదని కూడా చెప్పారు. 2006లో వచ్చిన ‘ది గర్ల్ ఇన్ ద ఫైర్‌ప్లేస్’లో డాక్టర్ పొయ్యిగూటి గుండా ఫ్రాన్సులోని ఒక చిన్నపిల్లను కలుస్తాడు, ఆయనకు క్షణాలు గడిచేలోపు ఆమెకు ఏళ్లు గడిచిపోతాయి, చివరిసారి వచ్చేసరికి ఆమె మరణించి ఉంటుంది. 2010లో మోఫట్ హయాం ప్రారంభించిన ‘ది ఎలెవెంత్ అవర్’లో డాక్టర్ ఏడేళ్ల అమీలియాకు అయిదు నిమిషాల్లో వస్తానని చెప్పి పన్నెండేళ్లకు వస్తాడు. ఈ రెండింటినీ ఒకే రోజు చూసినవారికి 2010లో వచ్చింది కొత్త మార్పు కాదని, నాలుగేళ్ల క్రితమే మొలకెత్తిన విత్తనమని అర్థమవుతుంది. చిబ్నల్ విషయంలో ఇదే సూత్రం అంతగా నిలవదు. ఆయన 2007లో రాసిన ‘42’ చూసి 2018ని ఊహించడం కష్టం. దాని బదులు ఆయనే సృష్టించిన నేరపరిశోధన ధారావాహిక ‘బ్రాడ్‌చర్చ్’ చూడడం మేలు. ఒక మరణం చుట్టూ కుటుంబమూ ఊరూ నెమ్మదిగా కూడుకునే తీరు అక్కడిదే. పైగా అందులో బిడ్డను పోగొట్టుకున్న తల్లిగా నటించింది కూడా విటకరే.

మూడో పని మీదనే ఎక్కువ సమయం వెచ్చించాలని నా అభిప్రాయం. ముందువారు వదిలిన కథాంశాన్ని తరువాతివారు ఎలా అందుకున్నారో చూడాలి. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించి, నన్నయకు పోషకుడైన రాజరాజనరేంద్రుడికే అంకితం చేసిన సంగతి తెలిసిన మనకు, ముందువాడి దారిన నడవడం వేరు, ముందువాడిని దిద్దడం వేరు అని విడిగా చెప్పనక్కరలేదు. ‘డాక్టర్ హూ’లో ఈ తేడాను కొలవడానికి డాక్టర్ సొంత గ్రహమైన గాలిఫ్రేను మించిన కొలబద్ద లేదు. 2005లో డేవిస్ ఆ గ్రహం కాలయుద్ధంలో, అదీ డాక్టర్ చేతుల మీదుగానే, నాశనమైందని స్థిరపరచి, ఆ అపరాధభావాన్ని తన హయాం అంతటికీ పునాదిగా వేసుకున్నారు. 2013 నవంబరు 23న, యాభయ్యేళ్ల సందర్భంగా వచ్చిన ‘ది డే ఆఫ్ ద డాక్టర్’లో మోఫట్ ఆ నాశనం జరగనే లేదని, డాక్టర్లందరూ కలిసి గ్రహాన్ని దాచిపెట్టారని చూపించారు. చిబ్నల్ 2020 జనవరిలో డాక్టర్ చిరకాల శత్రువైన మాస్టర్ చేత దానిని మళ్లీ బూడిద చేయించారు. అంతటితో ఆగక, మార్చి 1న వచ్చిన ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’లో డాక్టర్ అసలు ఆ గ్రహానికి చెందిన వ్యక్తే కాదని, ఎక్కడి నుంచో వచ్చిన అనాథ శిశువని వెల్లడించారు.

ఇక్కడ చూడవలసింది ఏది గొప్ప కథ అన్నది కాదు. దుఃఖం కావలసినవారు గ్రహాన్ని కాల్చారు, చిక్కుముడి విప్పడం ఇష్టమైనవారు దాచారు, డాక్టర్ ఎవరన్న ప్రశ్నను తిరిగి తెరవదలచినవారు మరోసారి కాల్చారు. ఇదే వరుసలో 2023ని చేరిస్తే బొమ్మ పూర్తవుతుంది. చాలామంది అభిమానులకు మింగుడుపడని ఆ అనాథ శిశువు కథను, తిరిగి వచ్చిన డేవిస్ రద్దు చేసేస్తారని అనుకోవడం సహజమే. ఆయన రద్దు చేయలేదు. ‘వైల్డ్ బ్లూ యోండర్’లో దానిని డాక్టర్ మనసులోని పుండుగా నిలిపి, ఆ తరువాత డాక్టర్ నోటనే తాను దత్తత బిడ్డనని చెప్పించారు. ఈ ఒక్క విషయంలో ఆయన ఎర్రన దారిని పట్టారనవచ్చు.

రచయితతో సంబంధం లేని కారణాలను కూడా పక్కన రాసిపెట్టుకోవాలి. 2005లో సీజన్‌కు 13 ఎపిసోడ్లు ఉండేవి. 2018 నాటికి అవి 10 అయ్యాయి. 2024లో 8 మాత్రమే. ఎపిసోడ్లు తగ్గితే పాత్రలు నిలదొక్కుకునే చోటు తగ్గుతుంది, దానికి రచయితను తప్పుపట్టి ప్రయోజనం లేదు. 2018లో సంగీతం మర్రే గోల్డ్ నుంచి సేగున్ అకినోలా చేతికి మారింది, ప్రసారం శనివారం నుంచి ఆదివారానికి జరిగింది. వీక్షకుల సంఖ్యను తూకంరాయిగా వాడడం అంతకన్నా పెద్ద పొరపాటు. చిబ్నల్ తొలి ఎపిసోడ్‌ను సుమారు 1.1 కోట్ల మంది చూశారు. అప్పటికి ఆయన హయాం ఎలా ఉంటుందో ఎవరూ రుచి చూడలేదు కనుక, ఆ అంకె కొలిచింది కుతూహలాన్నే.

చివరిగా, ప్రధాన రచయిత స్వయంగా రాయని కథలను, అదీ ఒకే రకం కథలను, ఒక్కో హయాం నుంచి ఒక్కొక్కటి ఎంచుకోండి. చారిత్రక కథలు ఇందుకు బాగా నప్పుతాయి. డేవిస్ హయాంలోని ‘ది ఫైర్స్ ఆఫ్ పాంపే’లో ఊరంతా బూడిదైపోతున్నా, సహచరి డోనా బతిమాలడంతో డాక్టర్ ఒక్క కుటుంబాన్ని కాపాడతాడు. మోఫట్ హయాంలోని ‘విన్సెంట్ అండ్ ద డాక్టర్’లో చిత్రకారుడు వాన్ గోను భవిష్యత్తుకు తీసుకువెళ్లి ఆయన కీర్తిని చూపించినా ఆయన మరణం ఆగదు, ఒక చిత్రం మీది అంకితం మాత్రం మారుతుంది. చిబ్నల్ హయాంలో వినయ్ పటేల్ రాసిన ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’లో 1947 దేశవిభజన నాడు, సహచరి యాజ్ అమ్మమ్మను పెళ్లాడిన ప్రేమ్‌ను డాక్టర్ కాపాడకుండానే వెనుదిరగవలసి వస్తుంది. అక్కడి పరగ్రహవాసులు సైతం చంపడానికి కాదు, ఒంటరిగా చనిపోయేవారికి సాక్షులుగా నిలవడానికి వస్తారు. ముగ్గురు వేర్వేరు రచయితలు రాసిన ఈ మూడు కథల్లో డాక్టర్ చేయగలిగిన పని అంతకంతకూ తగ్గుతూ వస్తుంది. మూడే కథలు కాబట్టి దీనిని రుజువుగా కాక సూచనగానే తీసుకొని, ప్రతి హయాం నుంచి మరో రెండు చారిత్రక కథలతో సరిచూసుకోవాలి. పంజాబ్ కథ చివర మామూలు శీర్షిక సంగీతానికి బదులు దాన్నే దక్షిణాసియా బాణీలో గాత్రంతో వినిపిస్తారు. పేర్లు పడడం మొదలవగానే కట్టేయకండి.